బోణీ మెయిలు

మా ఆఫీసులో ఒకరు పంపిన మెయిల్ ఇంకొకరికి అందకుండా వెనక్కి వచ్చేసిన వారం ఒకటి ఉంది. మరిచిపోదామన్నా మరపు రాదు. ఆ వారం నేను రెండు ముక్కలు టైపు చేసి ఒక పెద్దమనిషి కింద కుర్చీ లాగేయబోయాను.

నేను పనిచేసేది నూజివీడు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో. ఎండాకాలమంతా కాయ వస్తుంది, గుజ్జు తీస్తారు, డబ్బాలకెత్తుతారు, మిగతా ఏడాదంతా అమ్ముతారు. నాకు కాయతో పనిలేదు. మేడ మీద ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్లు, కెమెరాలు, ప్రింటర్లు, మెయిళ్ళు చూసుకోవడం నా ఉద్యోగం. ఊళ్ళో నన్ను ‘కాయల ఫ్యాక్టరీలో కంప్యూటరమ్మాయి’ అంటారు. నలభై దాటాయి, ఇంకా అమ్మాయినే. కోపం మాత్రం వయసుతో పాటు ఎదిగింది. అది నా ముక్కు మీదే కాపురం పెట్టిందని మా అమ్మ అంటుంది.

ఫ్యాక్టరీకి మైలవరంలో ఒకటి, విస్సన్నపేటలో ఒకటి, చాట్రాయిలో ఒకటి, కాయ కొనే సెంటర్లు ఉన్నాయి. సెంటర్లో లారీ నిండగానే అక్కడి గుమాస్తా మెయిల్ పెట్టాలి. లారీ నంబరెంత, ట్రేలెన్ని, కాయ బంగినపల్లా కలెక్టరా, పచ్చిదా దోరదా, అన్నీ అందులో ఉండాలి. కలెక్టరంటే ఆఫీసరు కాదు, తోతాపురి కాయ. మా వైపు దాన్ని అలాగే అంటాం. ఆ మెయిల్ ఒకేసారి గేటుకి, కాయ మాగబెట్టే గదికి, ల్యాబుకి, మేనేజరు గారికి, ఇంకా చాలామందికి వెళ్తుంది. లోడు వివరం రాతలో అందితేనే గేటువాళ్ళు లారీని లోపలికి వదులుతారు.

మే నెల నడిమధ్యలో మెయిల్ సర్వర్ మార్చాలన్నారు. పాతది పదేళ్ళుగా నా గదిలోనే ఓ మూల దుమ్ము కొట్టుకుపోయి, పిండిమరలా గోల చేస్తూ ఉండేది. “సీజన్ అయ్యాక మారుద్దామండీ” అని మొత్తుకున్నాను. “సీజన్ మధ్యలో అదే ఆగిపోతే ఎవరు బాధ్యులండీ?” అన్నారు మేనేజరు గారు. ఆ మాటా నిజమే. లారీలు తక్కువగా వచ్చేది ఆదివారం కాబట్టి ఆ రోజు పెట్టుకున్నాను.

ఉదయం ఆరాధనకి వెళ్ళకుండా ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి, “ఆదివారం పూట ప్రభువుని పక్కన పెట్టి చేసే పని ఏం బాగుపడుద్దే?” అంది.

“ప్రభువుకి మెయిల్ ఐడీ లేదు గానీ, ఉంటే సెలవు చీటీ పంపేదాన్నమ్మా” అన్నాను.

“నోరు!” అంది. నా నోటికి ఆవిడ పెట్టిన పేరు అదే.

పని సాఫీగా అయిపోయింది. సాయంత్రానికల్లా అందరి మెయిళ్ళూ, ఏళ్ళనాటి పాతవాటితో సహా, కొత్త సర్వర్‌లోకి చేరాయి. నేను ఒక్కొక్క సెంటరుకీ, ఒక్కొక్క బల్లకీ కొత్త మెయిల్ రాసి పంపి చూశాను. అన్నీ వెళ్ళాయి. బయటి నుంచి, నా సొంత ఫోన్‌లోంచి పంపి చూశాను. అవీ వచ్చాయి. మురిసిపోయాను. అక్కడితో ఆగినా బాగుండేది. పాత సర్వర్ డిస్కులు శుభ్రంగా తుడిచేసి, దాన్ని అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశాను. అంత తొందరేమొచ్చింది అంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు. దాని గోల విని విని ప్రాణం విసిగిపోయింది, అంతే.

సోమవారం పొద్దున్నే చాట్రాయి నుంచి ఫోనొచ్చింది.

“మేడం గారూ, మెయిల్ ఎనక్కొచ్చేస్తందండీ.”

చేసింది చాట్రాయి సెంటర్ గుమాస్తా. యాభై అయిదేళ్ళు ఉంటాయి. ఒకప్పుడు తోటల్లో చిక్కం కర్ర పట్టుకుని కాయ కోసేవారు. మా ఫ్యాక్టరీ గుత్తకు తీసుకున్న తోటలోనే చెట్టు మీంచి పడి కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. అప్పుడు యజమాని ఆయన్ని సెంటర్లో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చదివింది ఎనిమిదో తరగతి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఎడమచేతి చూపుడువేలితో టైపు చేయడం నేర్చుకున్నారు. ఆరేళ్ళయింది. ఒక్క లోడు మెయిల్ తప్పలేదని గేటువాళ్ళే అంటారు.

ఇదంతా నాకు ఆ తరవాత తెలిసింది. ఆ సోమవారం నాటికి నాకు ఆయన ఒక గొంతు మాత్రమే.

“ఫోన్ పెట్టేయకుండా, కొత్త మెయిల్ తెరిచి నాకొకటి పంపండి” అన్నాను. నా అడ్రసు అక్షరం అక్షరం చెప్పాను. ఆయన కొట్టారు. చాలాసేపు పట్టింది. వచ్చింది.

“వచ్చిందిగా?” అన్నాను.

“వచ్చిందాండీ? మరి లోడుది ఎందుకెళ్ళట్లేదో.”

“మీరు ఏదో తప్పు నొక్కుతున్నారు. ఎలా పంపుతున్నారసలు?”

“రోజూ పంపినట్టేనండీ.”

ఆ మాట దగ్గర నేను ఆగి, రోజూ ఎలా పంపుతారో అడిగి ఉండాల్సింది. అడగలేదు. “ఇంగ్లీషులో బారెడు ఏదో వస్తందండీ” అంటే, “డిలీట్ చేసేయండి” అన్నాను. పాతికేళ్ళలోపు పిల్లలకి పని నేర్పేటప్పుడు, వెనక్కొచ్చిన మెయిల్‌ని ముందు పూర్తిగా చదవండి అని చెప్పేది నేనే. నా దాకా వచ్చేసరికి నేనే చదవలేదు.

మంగళవారం ఆయన మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి నేను ఎత్తలేదు. మైలవరం నుంచి ఒక్క ఫోన్ లేదు, విస్సన్నపేట నుంచి లేదు. అక్కడ లేని జబ్బు చాట్రాయికే ఎందుకొస్తుంది? మనిషిదే తప్పు అని తేల్చేసుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అసలు సంగతి ఏంటంటే, ఆ రెండు సెంటర్లలోనూ మెయిళ్ళు వెనక్కి వస్తూనే ఉన్నాయి. వాళ్ళు చడీచప్పుడు లేకుండా చీటీని ఫోటో తీసి గేటువాళ్ళకి వాట్సాప్‌లో కొట్టేస్తున్నారు. చాట్రాయి ఆయనది బటన్ల ఫోను. పైగా మెయిల్ పెట్టమంటే మెయిలే పెట్టాలనుకునే మనిషి. ఉన్నవాళ్ళలో పద్ధతిగా ఉన్నది ఆయనొక్కరే, నేను పట్టుకున్నదీ ఆయన్నే.

ఆ రెండు రోజులూ గేటువాళ్ళు ఫోన్ మాట మీద ఎలాగో లారీలు వదిలారు. బుధవారం కొంప మునిగింది. చాట్రాయి నుంచి వచ్చిన రెండు లారీలు గేటు బయట ఆగిపోయాయి. మెయిల్ లేదు, వాట్సాప్ లేదు, నోటిమాట ఇక చెల్లదన్నారు. పదకొండింటి నుంచి మూడింటి దాకా మే నెల ఎండలో నిలబడ్డాయి. దోర కాయ మెత్తబడి అడుగు ట్రేలు చితికిపోయాయి. రసం లారీ చెక్కల సందుల్లోంచి కారి రోడ్డు మీద ఈగలు ముసిరాయి. మేనేజరు గారు మెట్లెక్కి నా గదికి వచ్చారు. ఆయన మేడెక్కి రావడం అదే మొదటిసారి.

“తప్పు సర్వర్‌దా, మనిషిదా? నాకు రాతలో కావాలి. అందరికీ పంపండి” అన్నారు.

కొత్త సర్వర్ నా చేత్తో పెట్టింది. అందులో తప్పుందని నా చేత్తోనే ఎలా రాస్తాను? ఇంగ్లీషులో రెండే వాక్యాలు రాశాను. సర్వర్ సక్రమంగా పనిచేస్తోంది. చాట్రాయి సెంటర్లో జరిగింది యూజర్ ఎర్రర్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అందరి అడ్రసులూ కొత్తగా ఎంచి, మూడు సెంటర్లకీ, ఆఫీసంతటికీ పంపేశాను. చక్కగా వెళ్ళింది.

ఆ సాయంత్రమే మేనేజరు గారు కబురు చెప్పారు. “శనివారం నుంచి చాట్రాయిలో వేరే మనిషిని కూర్చోబెడుతున్నాం. రేపు మీరు వెళ్ళి పాస్‌వర్డ్ మార్చి రండి.”

“మరి ఆయనండీ?”

“కాయ దింపే పనిలో వేద్దాం.”

“ఆయనకి భుజం బాలేదట కదండీ.” గేటు దగ్గర ఎవరో అనుకుంటుంటే ఆ మధ్యాహ్నమే నా చెవిన పడింది.

“చూద్దాం లెండి” అన్నారు. మా మేనేజరు గారు చెడ్డ మనిషేం కాదు. సీజన్‌లో ఆయనకి కాయ తప్ప ఇంకేదీ కనపడదు.

గురువారం పొద్దున క్యారేజీ సర్దుతూ మా అమ్మ అంతా విన్నది. విని, “తప్పు ఆయనదేనని చూశావా, అనుకున్నావా?” అంది.

“చూడ్డమేంటమ్మా, టెస్ట్ చేశాను.”

“నేనూ అదే అడుగుతున్నా. చూశావా?”

క్యారేజీ అందుకుని స్కూటీ తీశాను. దారంతా తోటలే. ట్రేల ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి. చాట్రాయి చేరేదాకా మా అమ్మ మీద కోపంతోనే బండి నడిపాను. నిజం చెప్పాలంటే ఆ కోపం మా అమ్మ మీద కాదు.

సెంటరంటే ఒక రేకుల షెడ్డు. ఒక పక్క ట్రేల దొంతరలు, ఇంకో పక్క బల్ల, బల్ల మీద కంప్యూటరు. దాని మీద దుమ్ము పడకుండా ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డారు. కుర్చీ తుడిచి నా వైపు జరిపారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసి ఇచ్చారు.

“పాస్‌వర్డండీ. మార్చేయండి.”

నేను ఇంటి దగ్గర్నుంచీ నాలుగు మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. ఇందులో మీ మనసు కష్టపెట్టుకోవాల్సిందేం లేదు, వయసులో ఇలాంటివి సహజం, అలాంటివి. అవన్నీ పక్కన పెట్టాను. ఆ కాయితం మడత విప్పకుండానే బల్ల మీద పెట్టాను.

“లోడేదైనా ఉందాండీ?” అన్నాను.

“ఉందండీ, నిండింది. ఆపేశాను. మెయిలెళ్ళకుండా లారీ పంపితే మళ్ళా ఎండలో నిలబెడతారు కదండీ.”

“మీరు పంపండి. నేను పక్కన నిలబడి చూస్తాను.”

ఆయన కూర్చున్నారు. నేను కొత్త మెయిల్ తెరుస్తారని చూస్తున్నాను. ఆయన తెరవలేదు. మౌస్ ఎడమచేత్తో పట్టుకుని కిందికి, ఇంకా కిందికి, ఏప్రిల్ మొదటి వారం దాకా దిగిపోయారు. అక్కడ ఒక మెయిల్ తెరిచారు. దాని పేరు ‘బోణీ’. అందరికీ జవాబిచ్చే బటన్ నొక్కి, లారీ నంబరు కొట్టడం మొదలుపెట్టారు.

“ఆగండాగండి. ఇదేంటి?”

“బోణీ మెయిలండీ.”

“అంటే?”

ఆయన నా వైపు తిరిగి, ఎదటిమనిషికి ఇంత చిన్న విషయం తెలియకపోవడం ఏమిటన్నట్టు చూశారు. తరవాత ఓపిగ్గా చెప్పారు. ప్రతి సీజన్‌లోనూ తొలికాయ చాట్రాయి మెట్టతోటల నుంచే వస్తుంది. తొలి లారీకి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. లారీ కదిలాక ఆయన చేత్తో మొదటి మెయిల్ పెట్టిస్తారు, యజమానితో సహా అందరికీ. ఆయన బోణీ చేసిన మొదటి ఏడాది సీజన్ బాగా జరిగిందట. అప్పటి నుంచి యజమాని పట్టుబట్టి ఆయన చేతే చేయిస్తున్నారు. ఇక అక్కణ్ణుంచి ఆఖరి లారీ దాకా మూడు సెంటర్లవాళ్ళూ లోడు వివరాలు ఆ మెయిల్‌కి జవాబుగానే రాస్తారు. ఎవరూ కొత్తది మొదలుపెట్టరు.

“బోణీ చేశాక మధ్యలో తెంపకూడదు కదండీ” అన్నారు. “కొత్తది ఎత్తుకుంటే సీజన్ తెగినట్టే.”

“మైలవరం వాళ్ళు కూడా ఇలాగేనా?”

“అందరూ ఇంతేనండీ. ఆరేళ్ళ నుంచి.”

“మరి నాకెందుకు చెప్పలేదండీ?”

“మీకు తెలీదనుకోలేదండీ. మెయిళ్ళు నడిపేది మీరే కదా.”

ఆరేళ్ళ నుంచి ఆ మెయిళ్ళన్నీ నా గదిలోంచే వెళ్తున్నాయి. ఒక్కటీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆ జాబితాలో నా పేరు లేదు, పెట్టమని నేను అడగనూ లేదు. ఈ బోణీ ఏంటి, ఈ నమ్మకాలేంటి అని నవ్వబోయి ఊరుకున్నాను. మా అమ్మ సరుకుల చీటీ రాసినా ముందు పైన చిన్న సిలువ గీతలు గీసి గానీ బియ్యం అని రాయదు. ఎవరి మొదలు వాళ్ళది.

ఆయన మెయిల్ పంపారు. నిమిషం తిరక్కుండా వెనక్కి వచ్చింది.

“చూశారాండీ?” అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నాకు కొంచెం తేలికపడేది.

ఈసారి మొదటి నుంచి వరసగా చదివాను. రెండో పేరాకే తెలిసిపోయింది. మెయిల్ అడ్రసంటే మనకి పైకి కనిపించేది. ఒకే ఆఫీసులో ఉన్నవాళ్ళు ఒకరికొకరు రాసుకున్నప్పుడు మాత్రం పాత సర్వర్ ఆ అడ్రసు వాడదు. ఒక్కొక్కరికీ లోపల తను పెట్టుకున్న బారెడు పేరుంటుంది, దాన్ని మెయిల్ మీద రాసుకుంటుంది. కొత్త సర్వర్ ఆ లోపలి పేర్లన్నీ మార్చేసింది. పాత మెయిల్‌కి జవాబు రాస్తే అది పాత పేరుతోనే వెతుక్కుంటూ వెళ్తుంది. మా వీధి పాత పోస్ట్‌మాన్‌కి ‘టీచర్ గారిల్లు’ అని రాస్తే చాలేది. కొత్తగా వచ్చినతను డోరు నంబరు లేదని ఉత్తరం తిప్పి పంపాడు. అదే జరిగిందిక్కడ. కొత్త మెయిళ్ళు రాసి చూస్తే అన్నీ వెళ్తాయి. నేను కొత్తవే రాశాను. వీళ్ళు పాతదానికే జవాబు రాస్తారు.

దీనికి మందు నాకు తెలుసు. ఒక్కొక్కరి పాత పేరూ కొత్త సర్వర్‌లో వాళ్ళ పేరు పక్కన అదనంగా ఎక్కించాలి. సర్వర్ మార్చిన రోజే చేయాల్సిన పని. పాత పేర్లెక్కడ దొరుకుతాయి? పాత సర్వర్‌లో. దాన్ని నేను తుడిచి, పెట్టెలో పెట్టి, టేపు వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! ఆయన కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చారు.

గ్లాసు పట్టుకుని మళ్ళీ తెర వైపు చూశాను. వెనక్కొచ్చిన మెయిల్ ఇంకా పూర్తి కాలేదు, కింద చాలా ఉంది. ఎవరెవరికి అందలేదో వాళ్ళందరి పాత పేర్లూ వరసగా ఇచ్చింది. ఆయన అందరికీ కదా జవాబు కొట్టింది. గేటు, ల్యాబు, మాగబెట్టే గది, రెండు సెంటర్లు, మేనేజరు గారు, యజమాని, స్టోర్సు, అందరూ ఉన్నారు. నేను తుడిచేసింది తుడిచేసినట్టు ఆ బోణీ మెయిల్ నా ముందు పెట్టింది.

“బాబాయ్ గారూ!” అన్నాను. అప్పటి దాకా ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. “మీరు లేవకండి. మనిద్దరికీ పనుంది.”

అంతలో మేనేజరు గారి ఫోను. “పాస్‌వర్డ్ మార్చేశారా?”

“లేదండీ. తప్పు దొరికింది. ఆయనది కాదు, నాది.” చెప్పాను.

అంతా విని, “ఓస్, అంతేనా. ఆ బోణీ గీణీ వదిలేసి ఇవాళ్టి నుంచి అందరినీ కొత్త మెయిల్ రాయమనండి. రెండు నిమిషాల పని” అన్నారు.

నిజంగానే రెండు నిమిషాల పని. నాకు ఆశ పుట్టలేదని చెప్పను. కానీ ఆ దారిన వెళ్తే ఆరేళ్ళుగా వీళ్ళు చేస్తున్నదే తప్పని తేలుతుంది, నా రెండు ముక్కలూ నిజమై కూర్చుంటాయి. శనివారం వచ్చే మనిషి రానే వస్తాడు.

“కుదరదండీ” అన్నాను. “వాళ్ళు పంపే పద్ధతి సరైనదే. అది పనిచేసేలా చేయాల్సింది నేను. సాయంత్రం లోపు చేస్తాను.”

“శనివారానికి అక్కడ మనిషిని చెప్పేశానండీ.”

“రావద్దని చెప్పండి.”

నా ఉద్యోగంలో ఆయనతో అలా మాట్లాడ్డం అదే మొదలు. “సాయంత్రం అన్నారు. సాయంత్రం చూద్దాం” అని పెట్టేశారు.

ఆ నిండిన లారీ సంగతి గేటుకి నేనే ఫోన్ చేసి చెప్పి, నా పూచీ మీద లోపలికి వదలమన్నాను. కొంగు బిగించి కూర్చున్నాను. ముందు గేటుతో మొదలుపెట్టాం. వెనక్కొచ్చిన మెయిల్‌లో ఆ పేర్లు ఉన్నదున్నట్టు ఉండవు. ఏటవాలు గీత ఉండాల్సిన చోట అడ్డగీత ఉంటుంది, ఖాళీ ఉండాల్సిన చోట ఒక కూడిక గుర్తూ అంకెలూ ఉంటాయి. వాటన్నిటినీ సరిచేసి ఎక్కించాలి. ఒక్క గీత తేడా వచ్చినా పలకదు. గేటు పేరు ఎక్కించాను. “మళ్ళా కొట్టండి” అన్నాను. ఆయన బోణీకి జవాబు కొట్టారు. వెనక్కి వచ్చింది. నాకు ఉసూరుమంది. ఆయన మాత్రం తెర మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా ఒక్కో పేరూ చూస్తూ వచ్చి, గట్టిగా అన్నారు.

“గేటు పేరు లేదండీ ఇందులో!”

నిజమే. గేటుకి వెళ్ళింది, మిగతావే తిరిగొచ్చాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం.

ఇక వరసపెట్టి పట్టాం. నేను ఎక్కించడం, ఆయన వేలు పెట్టి సరిచూడడం. పన్నెండు దాటాక కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ తీసి, ఫోన్ నుంచి నెట్ కలిపి, ఆయన మెయిళ్ళు అందులో తెరిచి, సిగ్నల్ కోసం షెడ్డు బయట చెట్టు కింద ట్రేలు బోర్లించుకుని కూర్చున్నాం. క్యారేజీ ఇద్దరం పంచుకున్నాం. ఒకచోట ఆయన నన్ను ఆపారు. “ఇక్కడ ఖాళీ ఒదల్లేదండీ మీరు.” చూస్తే నిజమే. ఇంకోచోట, “ఈ గీత రెండుసార్లు పడింది.” అదీ నిజమే. నేను పదాలు చూస్తాను, కళ్ళు జారిపోతాయి. ఆయన ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుని నేర్చుకున్న మనిషి, ఏ అక్షరమూ ఆయన్ని దాటిపోదు. ఆ మధ్యాహ్నం యూజర్ ఎర్రర్లన్నీ నావే. అయిదు పట్టుకున్నారు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. మళ్ళీ బల్ల దగ్గరికి చేరి ఆఖరి పేరు ఎక్కించాం. అప్పటికి ఇంకో లారీ నిండింది. ఆయన బోణీ తెరిచి, లారీ నంబరు, ట్రేలు, కలెక్టర్, దోర అని కొట్టి పంపారు. నిమిషం చూశాం. అయిదు నిమిషాలు చూశాం. ఏదీ తిరిగి రాలేదు. గేటు నుంచి ఫోనొచ్చింది. “మెయిలొచ్చింది బాబాయ్, లారీ వదలండి” అన్నారు. ల్యాబుకి నేను ఫోన్ చేసి అడిగాను, వచ్చిందన్నారు. మైలవరం చేత, విస్సన్నపేట చేత కూడా బోణీకే జవాబు కొట్టించాను. అన్నీ వెళ్ళాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మేనేజరు గారికి చెప్పాను. “శభాష్. ఆయన్నే ఉంచుదాం లెండి. అందరికీ నేను చెప్తాలే” అన్నారు.

“మీరొద్దండీ. నిన్న నేనే రాశాను, ఇవాళా నేనే రాస్తాను.”

“ఫోన్‌లో పోయేదానికి రాతెందుకండీ?”

“నిన్న రాతలో కావాలన్నది మీరే కదండీ.”

ఆయన నవ్వారో విసుక్కున్నారో తెలియలేదు. నేను ల్యాప్‌టాప్ తెరిచి తెలుగులో రాశాను. నిన్న చాట్రాయి సెంటర్ గురించి నేను రాసింది తప్పు. సర్వర్ మార్చినప్పుడు పాత పేర్లు ఎక్కించకుండా వదిలేసింది నేను. ఆయన మూడు రోజులు నిజమే చెప్పారు, నేను వినలేదు. లారీలు ఎండలో నిలబడింది నా వల్ల. ఇవాళ ఇది బాగుపడింది ఆయన మెయిల్ వల్ల, ఆయన కళ్ళ వల్ల.

పంపే ముందు ఆయనకి చూపించాను. వేలు పెట్టుకుని మొత్తం చదివారు.

“తెలుగులో రాశారే” అన్నారు.

“మీకు తెలియాలనండీ.”

“నిన్నటిది ఇంగ్లీషండీ. నాకర్థం కాలేదు. ఆ రెండు ముక్కలూ కాయితం మీద రాసుకుని ఇంటికి పట్టుకెళ్ళి మా అమ్మాయినడిగాను. ఇంటర్ చదువుతందండీ. చదివింది, అర్థం చెప్పింది. ఆ పూట మరిక నాతో మాట్లాళ్ళేదు.”

నేను బటన్ నొక్కాను. మెయిల్ వెళ్ళింది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. మూడు రోజుల అలవాటు కదా, తిరిగొస్తుందేమోనని చూస్తున్నారు.

“ఇంక రాదు బాబాయ్ గారూ” అన్నాను.

“రాదండీ” అన్నారు. నా వైపు చూడకుండానే మళ్ళీ అన్నారు. “నిన్న మీరు రాసిందీ రాలేదమ్మా. ఈ మూడు రోజుల్లో తిరిగి రాకుండా అందరికీ చేరింది అదొక్కటే.”